రాకర్ ఆర్మ్ సోలనాయిడ్ కోడ్ వచ్చిందా? ఏది మార్చాలి, ఏది ఆగి చూడాలి

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ2646 అని వచ్చింది, పక్కనే "రాకర్ ఆర్మ్ యాక్చుయేటర్" అని ఉంది. ఇక అక్కడి నుంచి తలా ఒక మాట. ఆయిల్ మార్చండి చాలంటారు ఒకరు. సోలనాయిడ్ (కరెంటు అందగానే ఆయిల్ దారి తెరిచే వాల్వు) అసెంబ్లీ మొత్తం కొత్తది వేయాలంటారు ఇంకొకరు. వాల్వ్ కవర్ విప్పి రాకర్లు చూడాల్సిందే అనేవాళ్లూ ఉంటారు. ముగ్గురి మాటా నిజమయ్యే బళ్లు ఉన్నాయి. మీ బండి వాటిలో ఏదో తేలకముందే పార్టు కొనేస్తే డబ్బు పోతుంది, కోడ్ మాత్రం వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది.

ఎందుకంటే ఆ కోడ్ ఏ భాగం పాడైందో చెప్పడం లేదు. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, కరెంటు పంపింది, కానీ ఆయిల్ ప్రెషర్ మారినట్టు కబురు రాలేదు. దానికి తెలిసింది ఇంతే. ఆ ప్రెషర్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) నుంచి రాకర్ దాకా వెళ్లే దారిలో ఎక్కడ ఆగిందో మనమే వెతకాలి. ఆయిల్ ఏ దారిన వెళ్తుందో ఆ వరసలోనే వెతికితే చవకైనవి, సులువైనవి ముందు తేలిపోతాయి.

లోపల ఏం జరుగుతుంది

కామ్ షాఫ్ట్ మీది లోబ్ (ఉబ్బెత్తు భాగం) తిరుగుతూ రాకర్ ఆర్మ్‌ని నొక్కుతుంది, రాకర్ వాల్వుని తెరుస్తుంది. మామూలు ఇంజిన్‌లో కథ ఇంతే. హోండాలో రాకర్లని కలిపి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే వ్యవస్థ పేరు వీటెక్. 1989లో హోండా ఇంటెగ్రాతో వచ్చిన వీటెక్ ఇంజిన్ బీ16ఏలో రెండు వాల్వులకి మూడు లోబ్‌లు, మూడు రాకర్లు పక్కపక్కనే ఉంటాయి. అటూ ఇటూ ఉన్నవి తక్కువ ఎత్తువి, మధ్యది ఎక్కువ ఎత్తుది. తక్కువ ఆర్పీఎంలో మధ్య రాకర్ తన స్ప్రింగు మీద ఊరికే ఊగుతూ ఉంటుంది, దాని కదలిక వాల్వులకి చేరదు.

ఆర్పీఎం, లోడు, ఇంజిన్ వేడి అన్నీ కుదిరాక ఈసీయూ సోలనాయిడ్‌కి 12 వోల్టులు ఇస్తుంది. లోపలి ప్లంజర్ కదిలి చిన్న దారి తెరుస్తుంది. ఆ దారిన వచ్చిన ఆయిల్ స్పూల్ వాల్వుని (గొట్టంలో అటూ ఇటూ జరిగే చిన్న కడ్డీ) తోస్తుంది. స్పూల్ జరిగితే అసలు దారి తెరుచుకుని, ఆయిల్ రాకర్ షాఫ్ట్ గుండా రాకర్లలోకి వెళ్లి చిన్న పిన్‌లని పక్కకి నెడుతుంది. మూడు రాకర్లూ కలిసి ఒకటైపోతాయి, వాల్వులు పెద్ద లోబ్ చెప్పినట్టు తెరుచుకుంటాయి. కరెంటు ఆగితే ప్రెషర్ పడిపోతుంది, స్ప్రింగు పిన్‌లని వెనక్కి తోస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే, బరువైన పనంతా ఆయిల్ చేస్తుంది. సోలనాయిడ్ తలుపు తీసేది మాత్రమే. ఆయిల్ వచ్చిందో లేదో చూసి చెప్పేది ప్రెషర్ స్విచ్.

అన్ని ఇంజిన్లలోనూ ఈ వ్యవస్థ పవర్ కోసమే ఉండదు. 2006 సివిక్‌లో వచ్చిన ఆర్18 ఇంజిన్‌నే చూడండి. తేలికగా, నిలకడగా పోతున్నప్పుడు ఇన్‌టేక్ వాల్వుని ఆలస్యంగా మూసి పెట్రోలు పొదుపు చేయడానికి అందులో రాకర్లు కలుస్తాయి. అక్కడ వ్యవస్థ పనిచేయకపోతే పికప్‌లో తేడా తెలియదు, మైలేజీ తగ్గుతుంది. "బండి బాగానే లాగుతోంది కాబట్టి సోలనాయిడ్ బాగానే ఉంది" అనే లెక్క ఇలాంటి ఇంజిన్ల దగ్గర తప్పుతుంది.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

చాలామంది ఖర్చు దగ్గరే ఆగిపోతారు. నిజానికి మొదటి ప్రశ్న రుజువు: ఈ భాగమే పాడైందని చూపే కొలత ఏదైనా మీ చేతిలో ఉందా? రెండోది, పని తప్పు దారిలో పోతే వెనక్కి రాగలమా? సోలనాయిడ్ కింద ఆయిల్‌ని వడగట్టే జల్లెడ తీసి చూస్తే కొత్త గాస్కెట్ ఖర్చుతో పోతుంది. రాకర్ షాఫ్ట్ విప్పితే మళ్లీ వాల్వ్ క్లియరెన్స్ (రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఉండాల్సిన సన్నని సందు) దాకా చేసుకుంటూ రావాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఇదే కోడ్ ఇంజిన్ మొత్తానికే ఆయిల్ ప్రెషర్ తగ్గుతోందని చెప్పే తొలి హెచ్చరిక కావచ్చు. బేరింగులకీ రాకర్లకీ ఆయిల్ పంపేది ఒకటే పంపు. లైటు ఆర్పడమే పనిగా పెట్టుకుంటే ఆ హెచ్చరిక మరుగున పడుతుంది.

ముందు కోడ్‌ని సరిగ్గా చదవండి.

| కోడ్ | ఈసీయూకి కనిపించింది | ముందు అనుమానించాల్సింది |
|---|---|---|
| పీ2646 | కరెంటు ఇచ్చినా ప్రెషర్ రాలేదు | ఆయిల్ లెవెల్, జల్లెడ, స్విచ్ |
| పీ2647 | కరెంటు ఇవ్వకపోయినా ప్రెషర్ ఉన్నట్టుంది | స్విచ్ వైరు, స్విచ్, ఇరుక్కున్న స్పూల్ |
| పీ2648 | సోలనాయిడ్ సర్క్యూట్‌లో వోల్టేజీ తక్కువ | బాడీకి తగిలిన వైరు, షార్ట్ అయిన కాయిల్ |
| పీ2649 | సోలనాయిడ్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువ | ఊడిన కనెక్టర్, తెగిన వైరు, తెగిన కాయిల్ |
| పీ1259 | వీటెక్ వ్యవస్థలో లోపం (పాత హోండాలు) | పైవన్నీ, అదే వరసలో |
| పీ0011 | కామ్ టైమింగ్ మరీ ముందుకి జరిగింది | ఇది వేరే వ్యవస్థ |

చివరి వరుస కావాలనే పెట్టాం. చాలా ఇంజిన్లలో రెండు రకాల ఆయిల్ సోలనాయిడ్లు ఉంటాయి. ఒకటి కామ్ షాఫ్ట్‌ని ముందుకీ వెనక్కీ తిప్పి టైమింగ్ మార్చేది, రెండోది రాకర్లని కలిపేది. రెండూ హెడ్ (వాల్వులు, కామ్ ఉండే ఇంజిన్ పై భాగం) మీదే ఉంటాయి, దుకాణాల్లో రెండింటినీ "వీవీటీ సోలనాయిడ్" అనేస్తుంటారు. పార్టు నంబరు చూడకుండా పేరు చెప్పి తెప్పించుకుంటే రెండోదానికి బదులు మొదటిది వచ్చి కూర్చుంటుంది.

పీ2647 గురించి ఒక సూక్ష్మం. హోండా స్విచ్ ప్రెషర్ లేనప్పుడు మూసి ఉంటుంది, ప్రెషర్ వస్తే తెరుచుకుంటుంది. కాబట్టి స్విచ్ వైరు తెగినా, కనెక్టర్ వదులైనా ఈసీయూకి అది ప్రెషర్ వచ్చినట్టే కనిపిస్తుంది. ఎలుక కొరికిన ఒక్క తీగ "ఇరుక్కుపోయిన రాకర్" కోడ్ తెప్పించగలదు. పీ2647 వస్తే స్పానర్ కన్నా ముందు మల్టీమీటర్ పట్టుకోవాలి.

మొదటి దారి: ఆయిల్

బండిని సమతలంగా నిలిపి, ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూడండి. కింది గీత దగ్గర ఉందంటే మీ జవాబు దాదాపు దొరికినట్టే. లెవెల్ తక్కువైన బండిని మలుపులో గట్టిగా తిప్పినా, ఆర్పీఎం పెంచినా పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్ పిన్‌లని తోయలేదు. సరైన గ్రేడుతో లెవెల్ నింపి, కోడ్ చెరిపి నడిపి చూడండి. ఆయిల్ ఎందుకు తగ్గింది అన్నది మాత్రం వదలకండి. బయటికి కారుతోందా, కాలిపోతోందా అన్నది తేలకపోతే ఇదే కోడ్‌తో మళ్లీ కలుసుకుంటారు.

గ్రేడు విషయంలో రెండు వైపులా పొరపాట్లు జరుగుతాయి. 0డబ్ల్యూ-20 లాంటి పలచటి ఆయిల్ పోయమన్న ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే చల్లగా ఉన్నప్పుడు ఆ సన్నని దారుల్లో నెమ్మదిగా కదులుతుంది, రాకర్లు కలవడం ఆలస్యమవుతుంది. అరిగిన ఇంజిన్‌లో ప్రెషర్ కోసమని చిక్కటిది పోసేవాళ్లూ ఉన్నారు. గేజీ మీద అంకె పెరుగుతుంది, అరుగుదల ఎక్కడికీ పోదు.

మడ్డి పట్టిన ఇంజిన్‌లో ఇంజిన్ ఫ్లష్ ద్రవం పోయమని మేం చెప్పం. కరిగి ఊడిన మడ్డి మొదట వచ్చి కూర్చునేది మనం శుభ్రంగా ఉంచాలనుకునే ఆ జల్లెడలోనే. ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చి, ఆ తర్వాతి మార్పుని మామూలు దూరంలో సగానికే చేయడం నెమ్మదైన పద్ధతి, కానీ నమ్మదగినది.

రెండో దారి: జల్లెడ, గాస్కెట్

సోలనాయిడ్ అసెంబ్లీకీ హెడ్‌కీ మధ్య గాస్కెట్‌లోనే సన్నని జల్లెడ ఉంటుంది. ఖర్చుకి తగ్గ ఫలితం ఎక్కువగా వచ్చేది ఇక్కడే, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

ఇంజిన్ చల్లారాక మొదలుపెట్టండి. అసెంబ్లీ చుట్టూ దుమ్ము ముందే తుడిచేయండి, లేకపోతే విప్పగానే అది ఆయిల్ రంధ్రంలో పడుతుంది. కింద గుడ్డ పరచండి. కారిన ఆయిల్ బెల్టు మీదా, ఆల్టర్నేటర్ మీదా పడకూడదు. కనెక్టర్లు తీసి, బోల్టులు విప్పండి. చాలా హోండాల్లో ఇవి 10 నంబరు స్పానర్ పట్టే 6 మిల్లీమీటర్ల బోల్టులు. అసెంబ్లీ అతుక్కుని రాకపోతే ప్లాస్టిక్ సుత్తితో పక్క నుంచి తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే అల్యూమినియం ముఖం మీద గీత పడుతుంది, ఆ గీతే రేపు లీకు.

ఇప్పుడు జల్లెడని వెలుతురులో పెట్టి చూడండి. మెత్తటి నల్ల పేస్టులా ఉంటే ఆయిల్ మార్పులు ఆలస్యమయ్యాయని అర్థం. గట్టి నల్ల రేణువులైతే మాడిన కార్బన్. సన్నని రబ్బరు పోగుల్లాంటివి కనిపిస్తే ఎవరో ఇంతకు ముందు వాల్వ్ కవర్‌కి సిలికాన్ ఎక్కువ పూశారు. మెరిసే లోహపు పొలుసులు కనిపిస్తే అక్కడితో ఆగండి. అది సోలనాయిడ్ సమస్య కాదు. ఫిల్టర్ కోసి చూసి, ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ కొలిపించాక గానీ ముందుకి పోకూడదు.

గాస్కెట్ రబ్బరు అంచుని వేలితో వంచి చూడండి. గట్టిపడి, చదునైపోయి ఉంటే ప్రెషర్ పక్క నుంచి జారిపోతోందన్నమాట. కోడ్‌కి అదొక్కటే కారణం కావచ్చు. పాత గాస్కెట్ ఎంత బాగున్నట్టున్నా తిరిగి వేయకండి. కొత్తదాని మీద సీలెంట్ రాయకండి, ఒత్తితే లోపలికి పొంగేది ఆయిల్ దారిలోకే పోతుంది.

అసెంబ్లీ చేతిలో ఉండగానే స్పూల్‌ని వేలితో తోయండి. స్ప్రింగు మీద నున్నగా వెళ్లి, వదలగానే వెనక్కి రావాలి. మధ్యలో పట్టేస్తే క్లీనర్ కొట్టి, గాలితో ఊది, శుభ్రమైన ఆయిల్ చుక్కలు వేసి మళ్లీ చూడండి. బ్రేక్ క్లీనర్‌లో అసెంబ్లీ మొత్తం నానబెట్టకండి; కాయిల్‌కీ రబ్బరు రింగులకీ అది పడదు. తిరిగి బిగించేటప్పుడు ఈ బోల్టులకి 12 న్యూటన్ మీటర్లు చాలు. ఇంకా బిగిస్తే హెడ్‌లోని మరలు చెడతాయి, వాటిని బాగుచేసుకోవడం సోలనాయిడ్ కన్నా పెద్ద పని.

మూడో దారి: ప్రెషర్ స్విచ్

స్విచ్ చిన్నది, చవకది, తరచుగా పాడయ్యేది. అలాగని ఊహించి మార్చకండి, దీన్ని రుజువు చేయడం సులువు. ఇంజిన్ ఆపి ఉండగా రెండు పిన్నుల స్విచ్‌లో కంటిన్యుటీ ఉండాలి, అంటే ఒక పిన్ను నుంచి రెండోదానికి కరెంటు దారి తెగకుండా ఉన్నట్టు మల్టీమీటర్ చూపాలి. లేకపోతే స్విచ్ పోయినట్టే. ఉంటే, స్విచ్ తీసి ఆ రంధ్రానికి అడాప్టర్‌తో ఆయిల్ గేజీ తగిలించండి. ఇంజిన్ రేడియేటర్ ఫ్యాన్ తిరిగేంత వేడెక్కాక, కరెంటు ఇవ్వకుండా చూస్తే గేజీ 49 కిలోపాస్కల్‌ల లోపే ఉండాలి. తర్వాత సోలనాయిడ్‌కి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి 3000 ఆర్పీఎంకి తెస్తే చాలా హోండా ఇంజిన్లలో 250 కిలోపాస్కల్‌లు దాటాలి. మీ ఇంజిన్ అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి, స్పోర్ట్స్ ఇంజిన్లలో ఇంకా ఎక్కువ అడుగుతుంది. లోడు లేకుండా ఆర్పీఎం పెంచుతున్నారు కాబట్టి కొలత నిమిషం లోపు ముగించాలి.

ఇప్పుడు తేల్చుకోవడం తేలిక. గేజీ బాగా చూపిస్తూ కోడ్ మాత్రం వస్తోందంటే తప్పు స్విచ్‌దో, దాని వైరుదో. గేజీ కూడా లేవకపోతే స్విచ్ నిజమే చెబుతోంది. దాన్ని మార్చితే నిజం చెప్పే ఇంకో స్విచ్ వస్తుంది, అంతే. కనెక్టర్ లోపల ఆయిల్ తడి ఉంటే మాత్రం గేజీ దాకా పోనక్కర్లేదు, స్విచ్ లోపలి పొర చిరిగింది, మార్చేయండి.

నాలుగో దారి: సోలనాయిడ్

మల్టీమీటర్‌ని 200 ఓమ్‌ల మీద పెట్టి కాయిల్ (సోలనాయిడ్ లోపలి తీగ చుట్ట) కొలవండి. ఒక్క వైరే ఉన్న హోండా సోలనాయిడ్‌లో ఆ పిన్నుకీ అసెంబ్లీ బాడీకీ మధ్య 14 నుంచి 30 ఓమ్‌లు రావాలి. సున్నాకి దగ్గరగా వచ్చినా, అసలు రీడింగే రాకపోయినా కాయిల్ పోయింది. రీడింగ్ బాగుంటే 12 వోల్టులు ఒక్క క్షణం తాకించండి, టక్‌మని వినిపించాలి. ఆ శబ్దం విని సంబరపడిపోకండి. ప్లంజర్ కదిలిందని మాత్రమే అది చెబుతుంది. స్పూల్ ఇరుక్కుని ఉన్నా టక్‌మంటుంది.

కాయిల్ పోతే, లేదా స్పూల్ జరిగే గొట్టం గోడ మీద గీతలు పడితే కొత్త అసెంబ్లీ తప్పదు. అప్పుడు ఏది కొనాలన్న ప్రశ్న వస్తుంది. కంపెనీ పార్టు ఖరీదైనది, కానీ స్పూల్‌కీ గొట్టానికీ మధ్య సందు సరిగ్గా ఉంటుంది. ఈ పార్టులో అసలు విలువంతా ఆ సందులోనే ఉంది. చవక నకళ్లలో అది వదులుగా ఉంటే చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, ఆయిల్ వేడెక్కి పలచబడగానే ప్రెషర్ జారిపోతుంది. కొన్నిటితో జల్లెడ గాస్కెట్ రాదు, కొన్నిటిలో స్విచ్ ఉండదు, ఆర్డరు పెట్టేముందే అడగండి. నకలు కన్నా పాత బండి నుంచి తీసిన కంపెనీ అసెంబ్లీయే నయమని మా అభిప్రాయం. ఓమ్‌లు కొలిచి, స్పూల్ తోసి చూసి, కొత్త గాస్కెట్, కొత్త స్విచ్ వేసుకుంటేనే.

ఐదో దారి: రాకర్లు

గేజీలో ప్రెషర్ నిండుగా ఉంది, స్విచ్ మారుతోంది, అయినా పవర్ రావడం లేదు. లేదా రాకర్లు కలవాల్సిన ఆర్పీఎంలో ఒక సిలిండర్ మిస్ అవుతోంది. లేదా హెడ్‌లోంచి విడవకుండా టికటికమంటోంది. ఈ మూడిట్లో ఏదో ఒకటి ఉంటే తప్ప వాల్వ్ కవర్ విప్పొద్దు.

విప్పాక పరీక్ష చేత్తోనే. ఆ సిలిండర్‌ని టాప్ డెడ్ సెంటర్‌కి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చి, వాల్వులు మూసి ఉన్న చోటు) తెచ్చి మధ్య రాకర్‌ని వేలితో నొక్కండి. పక్క రాకర్లని కదపకుండా అదొక్కటే ఊగాలి. మూడూ కలిసి కదిలితే పిన్ వెనక్కి రాకుండా ఇరుక్కుంది. అస్సలు కదలకపోయినా విప్పి చూడాల్సిందే. రాకర్ కామ్‌ని తాకే రోలర్ మీద గుంటలుంటే ఎదురుగా ఉన్న కామ్ లోబ్ మీదా చూడండి. గుంటలు పడిన లోబ్ మీద కొత్త రాకర్ పెడితే అదీ త్వరలోనే పాడవుతుంది.

కామ్ హోల్డర్ బోల్టులు మాన్యువల్‌లోని వరసలో, ఒక్కోదాన్ని రెండేసి చుట్లు వదులు చేస్తూ రావాలి. ఒక్కో సిలిండర్ రాకర్లని రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచండి, లేదంటే పిన్‌లు జారి కిందపడతాయి, ఏది ఎక్కడిదో తెలియదు. బిగించాక వాల్వ్ క్లియరెన్స్ చూడాలి. ఆర్18లో ఇన్‌టేక్‌కి 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.23 నుంచి 0.27. ఇంజిన్ 38 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడే ఈ కొలతలు నిజం.

టయోటా 2జడ్‌జడ్-జీఈ ఇంజిన్ ఉన్న బళ్లవాళ్లకి ఒక హెచ్చరిక. తొలి ఇంజిన్లలో రాకర్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే లిఫ్ట్ బోల్టులు అరిగి విరగడం బాగా తెలిసిన జబ్బు. హై లిఫ్ట్ రాకపోతే, అంటే వాల్వులు ఎక్కువ ఎత్తు లోబ్‌కి మారకపోతే, సోలనాయిడ్ కన్నా ముందు వాల్వ్ కవర్ తీసి ఆ బోల్టులే చూడాలి. ఈ ఒక్క ఇంజిన్‌కి మనం చెప్పుకున్న వరస తిరగబడుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | విప్పాల్సింది | ఖర్చు | ముందు కావాల్సిన రుజువు |
|---|---|---|---|
| ఆయిల్ | ఏమీ లేదు | తక్కువ | డిప్‌స్టిక్ |
| జల్లెడ, గాస్కెట్ | అసెంబ్లీ | చాలా తక్కువ | పీ2646 ఉండి లెవెల్ సరిగ్గా ఉండటం |
| స్విచ్ | స్విచ్ ఒక్కటే | తక్కువ | కంటిన్యుటీ, గేజీ |
| సోలనాయిడ్ | అసెంబ్లీ | మధ్యస్థం | ఓమ్‌లు, స్పూల్ గీతలు |
| రాకర్లు | వాల్వ్ కవర్, కామ్, షాఫ్ట్ | ఎక్కువ | ప్రెషర్ ఉన్నా కలవకపోవడం |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

బండిని ఇంకా చాలా ఏళ్లు ఉంచుకునేవాళ్లు అసెంబ్లీ ఒకసారి విప్పాక గాస్కెట్, స్విచ్ రెండూ కలిపి మార్చేయడం మంచిది. మామూలుగా రుజువు లేని పార్టు వద్దంటాం గానీ, విప్పిన చోటే ఉన్న చవక స్విచ్‌కి ఆ నియమం సడలించవచ్చు. సొంతంగా పని చేసుకోకుండా మెకానిక్‌కి అప్పగించేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "గేజీ పెట్టి చూశారా, ఎంత వచ్చింది?" అంకె చెప్పలేకపోతే సోలనాయిడ్ ఆర్డరు పెట్టనివ్వకండి.

ఎక్కువ తిరిగిన పాత ఇంజిన్ అయితే స్విచ్ రంధ్రంలో కొలిచింది చాలదు. మెయిన్ ఆయిల్ ప్రెషర్ కూడా వేడి మీద, ఐడిల్‌లో కొలిపించండి. అదీ తక్కువే అయితే సోలనాయిడ్ మీద పెట్టే డబ్బు వృథా. అప్పుడు మాట్లాడాల్సింది పంపు, బేరింగుల గురించి.

పాత బండి కొనబోతున్నవాళ్లు ఈ కోడ్ ఉన్న బండిని వెంటనే వద్దనుకోనక్కర్లేదు. అసెంబ్లీ విప్పి జల్లెడ చూపించమనండి. నల్ల మడ్డి ఉంటే బేరం తగ్గించే కారణం, మెరుపులుంటే లేచి వచ్చేసే కారణం.

ఇప్పుడే బాగుచేయించడం కుదరని వాళ్లు లెవెల్ సరిగ్గా ఉండి, ఎర్రటి ఆయిల్ లైటు వెలగకపోతే, పీ2646తో నెమ్మదిగా కొన్నాళ్లు నడపవచ్చు. చాలా బళ్లలో ఈసీయూ వీటెక్ ఆపేసి తక్కువ ఎత్తు లోబ్‌ల మీదే నడుపుతుంది, ఆర్పీఎం కూడా పెరగనివ్వకపోవచ్చు. పీ2647తో పాటు ఐడిల్ కుదుపులుంటే ఇంత వెసులుబాటు లేదు, రాకర్లు నిజంగానే కలిసిపోయి ఉండొచ్చు. ఎర్ర లైటు ఒక్కసారి మెరిసినా బండి పక్కకి ఆపి టో చేయించండి.

ఏ దారి పట్టినా, పని అయ్యాక కోడ్ చెరిపి ఖాళీ చోట ఊరికే రేజ్ చేసి "పోయింది" అనుకోకండి. చాలా ఇంజిన్లలో బండి కదులుతూ, లోడు మీద ఉంటే గానీ ఈసీయూ సోలనాయిడ్‌కి కరెంటే ఇవ్వదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, రాకర్లు కలిసే ఆర్పీఎం దాటేలా పలుమార్లు వేగం పెంచి తగ్గించండి. లైవ్ డేటా చూపే స్కానర్ ఉంటే పక్కన కూర్చున్నవాళ్లని సోలనాయిడ్, స్విచ్ రెండు వరుసలనీ చూడమనండి. సోలనాయిడ్ ఆన్ అయిన వెంటనే స్విచ్ మారాలి, ఆఫ్ అయిన వెంటనే తిరిగి రావాలి. ఇంటికొచ్చాక అసెంబ్లీ కింద వేలు పెట్టి తడి ఉందేమో చూసి, మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ ఇంకోసారి తీసి చూడండి.